రింగు కింద వడ్లు

1969 ఉద్యమంలో హైదరాబాద్ కాలేజీలు మూతపడ్డాయి. నాతోటి వాళ్లకు ఏడాది పోతుందని దిగులు, నాకేమో పొద్దంతా బాస్కెట్‌బాల్. ఆ ఆటే తర్వాత అన్నం పెట్టింది. ఒక సర్కారు శాఖ నన్ను తన జట్టులో గార్డుగా పెట్టుకుంది. బంతిని నేలకు కొట్టుకుంటూ తీసుకొచ్చి పొడుగాటి వాళ్లకు అందించడం గార్డు పని. రింగులో పడితే చప్పట్లు వాళ్లకు, పడకపోతే తిట్లు నాకు. కాగితాల మీద మాత్రం గుమాస్తాను. మోకాలు చెడిపోయేదాకా నాకు ఫైళ్ల పని రాదన్న సంగతి ఆ శాఖలో ఎవరికీ తట్టలేదు. చెడిపోయిన వారంలోనే అందరికీ తట్టింది.

అలా ఎనభైలలో సొంతూరు బాన్సువాడకు, ఒక కాలేజీ కోచ్‌గా వచ్చి పడ్డాను. కాలేజీ కమిటీ అధ్యక్షుడికి రైస్‌మిల్లు ఉంది. ఎవరో మంత్రి వస్తాడని ఆయన సిమెంటు కోర్టు వేయించాడు. మంత్రి రాలేదు, వడ్లు వచ్చాయి. నిజాంసాగర్ నీళ్లకు పండిన వడ్లు ఆరబోయడానికి అంత నున్నని కళ్లం మరెక్కడా లేదు మరి. సగం కోర్టులో వడ్లు, మిగతా సగంలో మేము. ఊపులో ఎవరి కాలైనా గింజలకు తగిలిందా, ఆట ఆగిపోయేది. బంతిని చంకన పెట్టుకుని, వంగి, వడ్లను తాకి కళ్లకద్దుకోవాలి. అధ్యక్షుడి తల్లి అక్కడే కూర్చుని కాపలా కాసేది.

"వడ్లను తొక్కితే కండ్లు పోతయ్ కొడుకా!"

నేను గొంతు చించుకుని చెప్పిన పాఠం ఒక్కటీ పిల్లల ఒంటబట్టలేదు. ఆ అవ్వ పాఠం మాత్రం నెత్తురులో కలిసిపోయింది.

జిల్లా పోటీల ముందు అధ్యక్షుడు నన్ను పిలిచాడు. "సార్, మొదటి మ్యాచ్ గెలువుండ్రి, రింగుల స్తంభాలుంటయ్. ఓడితే పీకిస్త. వడ్లకు జాగ సాలుతలేదు."

అప్పటికి నా బతుకంతా ఆ రెండు స్తంభాల మధ్యే మిగిలింది. అవీ పోతే నేనెందుకూ కొరగాను. నిజంగానే భయం వేసింది.

నిజామాబాద్‌లో మ్యాచ్. ముందు వరసలో అధ్యక్షుడు సోడా తాగుతూ కూర్చున్నాడు. చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మా గార్డు, పిట్లం వైపు తండా నుంచి వచ్చే కుర్రాడు, ముగ్గురిని తప్పించుకుని రింగు కిందికి దూరాడు. అచ్చం ఒకప్పటి నాలాగే దూరాడు. ఇక బంతి వేయడమే తరువాయి. అంతలో వాడి కాలు ఎదుటివాడి పాదానికి తగిలింది. అంతే, బంతిని చంకన పెట్టుకుని, వంగి, ఆ పాదాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. అవతలివాడు బంతిని వీడి చంకలోంచి తీరిగ్గా లాక్కుని వెళ్లిపోయాడు. మ్యాచ్ కూడా వాడితోనే వెళ్లింది.

"ఏందిరా గది!" అని అరిచాను.

"కాలు తగిలింది గద సార్," అన్నాడు, బుద్ధి లేనివాణ్ని నేనే అయినట్టు.

అధ్యక్షుడి కళ్లలో నీళ్లు. "ఆట పోతే పోనియ్ సార్. పిలగాండ్లకు సంస్కారం నేర్పిండ్రు. మీ నౌకరి ఇగ పక్కా!"

మరునాడు స్తంభాలు పీకించాడు. కోచ్ ఉన్నాడు, కోర్టు లేదు. నేల విడిచి సాము చేయడమంటే అప్పటిదాకా సామెతగానే తెలుసు. నా పిల్లలు దసరా దాకా గాలిలోకి బంతులు వేశారు, నేను ఈల వేశాను. జిల్లాలో మా అంత సంస్కారం గల జట్టు ఇంకోటి లేదని అధ్యక్షుడు ప్రతి సభలోనూ చెప్పుకున్నాడు.

ఆ మధ్యలోనే, పంద్రాగస్టు కవాతు గురించి మాట్లాడాలని ఆయన ఇంటికి పిలిపించాడు. వసారాలో పెద్ద నీళ్ల గోలెం ఉంది. దాని కింద కుదురుగా పెట్టింది నా రింగునే. ఎర్ర రంగు ఇంకా పూర్తిగా పోలేదు. పక్కకు పొడుచుకొచ్చిన దాని ఇనుపముక్క నా కాలికి ఠక్కున తగిలింది.

"పైలం కొడుకా," అంది లోపల్నుంచి అవ్వ.

ఆ ఇంటిని, ఆ గోలేన్ని, ఆ వడ్లను కలిపి తిడదామని నోరు తెరిచాను. చెయ్యి నా మాట వినలేదు. పాడు మోకాలు కలుక్కుమన్నా వంగి, రింగును తాకి, కళ్లకద్దుకున్నాను.