వాడుక నీళ్ళు

మా ఇంట్లో నీళ్ళు రెండు రకాలు. మంచినీళ్ళు, వాడుక నీళ్ళు. మంచినీళ్ళు క్యాన్లలో వస్తాయి. వంటింట్లో చెక్క స్టూలు మీద ఉంటాయి. వాడుక నీళ్ళు బోరువి. స్నానాలకి, అంట్లకి, బట్టలకి, మల్లెపొదకి, కుక్కకి. నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చిన మర్నాడే మా అత్తగారు ఏ నీళ్ళు దేనికో చెప్పారు. "ఆ బోరు నీళ్ళల్లో పప్పు ఉడకదుమ్మా. సబ్బు నురగ కూడా రాదు" అన్నారు. నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని. కఠినజలం అని మనసులో అనుకున్నాను. ఆ మాట నాకు తెలిసినందుకు కాస్త సంతోషించి, అక్కడితో మర్చిపోయాను.

కావలి నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో చివరి ఊళ్ళలో మాది ఒకటి. ఇంటి వెనక గోడ దాటితే రొయ్యల గుంటలు. వాటిలో గాలి కోసం పెట్టిన చక్రాలు నీళ్ళని తెల్లగా చిమ్ముతూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. కొత్తలో ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు కరెంటు పోయి అవి ఆగితే మెలకువ వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే గుంటల మీద గాలి వణుకుతూ ఉంటుంది. నీళ్ళు ఎక్కడ అయిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలయిందో తెలియదు. గూడూరులో మా అమ్మ ఫోన్లో మురిసిపోయేది, "నీకేమే, చుట్టూ నీళ్ళే" అని.

కుక్క నిరుటి వానల్లో వచ్చింది. గేటు దగ్గర తడిసి, గుప్పెడంత ఉంది. గోధుమ రంగు ఒళ్ళు, తోక చివర మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెలుపు. మా ఆయన గుంటల పని నుంచి వస్తూ దాన్ని లోపలికి తెచ్చి టీ గ్లాసుతో పాలు పోశాడు. పేరు పెట్టాలని అనుకుంటూనే ఉన్నాం. రెండేళ్ళ మా పాప మాత్రం ఆగలేదు, "బౌ" అని పిలుస్తుంది. అది పలుకుతుంది.

పాపకి ఏడాది వయసులో విరేచనాలు పట్టుకున్నాయి. నెల్లూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు పాప పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పైకెత్తి వదిలాడు. చర్మం వెంటనే సర్దుకోలేదు. చిన్న మడత అలాగే నిలబడింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు. "ఒంట్లో నీళ్ళు తగ్గాయమ్మా" అన్నాడు. పాప రెండు రోజుల్లో కోలుకుంది. ఆ మడత మాత్రం నా కళ్ళల్లో ఉండిపోయింది. ఇప్పటికీ పాప నిద్రపోయాక పొట్ట మీద చర్మం ఎత్తి చూస్తాను. అది చిటికెలో సర్దుకుంటే నాకూ ఊపిరి సర్దుకుంటుంది. మా అత్తగారు చూసి నవ్వుతారు. "అది పిల్లనుకున్నావా, చపాతీ పిండనుకున్నావా? రోజూ గిల్లి చూస్తావు."

మొన్న మే నెలలో ఎండలు ముదిరాక నా భయం కుక్క మీదికి కూడా పాకింది. రోజూ పొద్దున అడిగేదాన్ని, "కుక్కకి నీళ్ళు పెట్టినారా అత్తా?" అని.

"తొట్టి నిండా ఉండాయి కదమ్మా. కనపడలా?"

కనపడేవి. కుళాయి పక్కన సిమెంటు తొట్టి, అంచుదాకా నీళ్ళు, వాటి మీద రాలిన వేపపూత. ఆ నిండుదనం చూసి నెమ్మదించేదాన్ని. మల్లెపొద ఆకుల అంచులు కాల్చినట్టు నల్లబడుతున్నాయి. అదీ చూశాను. ఎండకేమో అనుకున్నాను.

ఆ రోజు శుక్రవారం. గుంటల్లో రొయ్యల పట్టుబడి, పెరిగిన రొయ్యలని వల వేసి తీసే రోజు. మా ఆయన తెల్లవారకముందే వెళ్ళాడు. పట్టుబడి రోజు ఫోను ఎత్తడు. పదకొండు గంటలకి అన్నం పెట్టబోతే కుక్క లేవలేదు. ముందురోజు అన్నం కూడా పళ్ళెంలో ఎండిపోయి ఉంది. కాసేపటికి లేచి, తాగినవాడిలా కాళ్ళు తడబడుతూ తొట్టి దాకా నడిచింది. మూతి నీళ్ళ మీదికి వంచింది. వాసన చూసింది. వెనక్కి తగ్గింది. మళ్ళీ వంచింది. మళ్ళీ తగ్గింది. నోటి నుంచి చిక్కటి చొంగ దారంలా వేలాడుతోంది.

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటి పెద్దమ్మ అంతా చూసింది.

"అమ్మాయ్, పిల్లని లోపలికి తీసకపో. నీళ్ళు జూసి ఎనక్కి పోతా ఉండాదంటే ఇంకేంది? పిచ్చి పట్టింది దానికి."

"టీకా వేయించాం కదా పెద్దమ్మా."

"టీకా ఏసినోళ్ళందరూ బతికినారా ఏంది? గుంటల కాడ మనుషులుండారు, ఒక కేకేస్తే వచ్చి చూసుకుంటారు. పొద్దు పోనీయబాక."

చూసుకుంటారు అంటే ఏమిటో నాకు తెలుసు. గుంటల గట్ల మీద పెద్ద కర్రలుంటాయి.

పాపని ఎత్తుకుని లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాను. పాప గౌను విప్పి ఒళ్ళంతా వెతికాను. మోచేతులు, మోకాళ్ళు, మెడ వెనక, వేళ్ళ సందులు. గీత లేదు, గాటు లేదు. నిన్న సాయంత్రం అది పాప అరచేయి నాకిందా, మొన్న నాకిందా? మా అత్తగారు మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట ఎండ ఎంత తెల్లగా ఉందంటే కుక్క నీడ కూడా కరిగిపోతున్నట్టుంది. అది నిజంగా పిచ్చిదైతే నా పిల్ల ఒక్క చెక్క తలుపు దూరంలో ఉంది. కాకపోతే సాయంత్రం దాకా అది ఉండదు. చక్రాల చప్పుడు ఎక్కడో నిద్రలో వింటున్నట్టు వినిపిస్తోంది. ఎటూ కదలలేకపోయాను. కేక వేయడానికి కూడా నోట్లో తడి లేదు.

పాప తన గ్లాసులో మిగిలిన నీళ్ళు నా చేతిలో పెట్టి "చాలు" అంది. అలవాటు కొద్దీ కిటికీలోంచి బయటికి పారబోశాను. కాచి చల్లార్చిన మంచినీళ్ళు, ఒక గుక్కెడు. కిటికీ కింద సిమెంటు మీద చిన్న మరకలా పరుచుకున్నాయి.

కుక్క తల ఎత్తింది. లేవలేదు. ముందుకాళ్ళతో ఒళ్ళు ఈడ్చుకుంటూ ఆ మరక దాకా వచ్చింది. నాకింది. తడి ఆరిపోయాక కూడా ఆ సిమెంటునే నాకుతూ ఉంది. తర్వాత తల ఎత్తి కిటికీ వైపు చూసింది.

నేను పాపని అత్తగారి ఒళ్ళో పెట్టి, వెనక తలుపు నుంచి చుట్టూ తిరిగి కుళాయి దగ్గరికి వెళ్ళాను. తొట్టిలో నీళ్ళు ముట్టుకోలేదు. కుళాయి తిప్పి, దోసిట పట్టి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. ఆరేళ్ళుగా ఆ నీళ్ళతో స్నానం చేస్తున్నాను. ఒక్కసారి కూడా తాగలేదు. సముద్రంలో ఆడుతూ పొరపాటున మింగిన నీళ్ళు గుర్తొచ్చాయి. అంత కాదు, కానీ ఆ దారిలోనే ఉన్నాయి. ఉమ్మేశాను. ఉప్పు నాలుక మీద నిలిచిపోయింది.

"అత్తా, ఈ నీళ్ళు ఎవరన్నా తాగగలరా?"

"వాటినెవరు తాగమన్నారమ్మా? అవి వాడుక నీళ్ళు!"

అని, ఆ మాట తనే విన్నట్టు ఆగిపోయారు.

టీకా కార్డు వెనక పశువుల ఆసుపత్రి నంబరు ఉంది. డాక్టరమ్మ ఫోను ఎత్తింది. నేను చెప్పేది సగంలోనే ఆపి, "నోట్లో చెయ్యి పెట్టినావా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

"పెట్టబాక. గుర్రుమంటుందా, మీదికొస్తుందా?"

"లేదు. చూస్తూ ఉంది."

"చేతికి మందపాటి కవరు తొడుక్కో. ఎనక నుంచి పోయి మెడ మీద చర్మం ఎత్తి వదిలి చూడు. మీదికొచ్చేటట్టుంటే మానుకో."

రెండు కవర్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, భుజాల మధ్య చర్మం పట్టి ఎత్తి వదిలాను. వదులు చర్మం, ఎండకి కాలుతోంది. మడత నిలబడింది. ఒకటి. రెండు. మూడు. నెల్లూరులో ఆ మంచం, ఆ ట్యూబులైటు వెలుగు, పాప పొట్ట, అన్నీ నా కళ్ళ ముందుకి వచ్చాయి. కుక్క కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. పాపకీ అలాగే పోయాయి. ఇంత తెలిసిన గుర్తు నా గుమ్మంలో పడుకుని ఉంటే, వారం రోజులుగా తొట్టిని చూశాను గాని కుక్కని చూడలేదు.

"నిలబడింది మేడమ్."

"నీడకి చేర్చి మంచినీళ్ళు కొంచెం కొంచెం పెట్టు. నోట్లో పొయ్యబాక, గిన్నెలో పెట్టు. ఒక్కసారే తాగితే కక్కుద్ది. ఎంటనే తీసుకురా."

వెడల్పు గిన్నెలో నాలుగు చెంచాల నీళ్ళు పోసి ముందుకు జరిపాను. క్షణంలో ఖాళీ. కాసేపు ఆగి మరి నాలుగు. మూడోసారికి కక్కేసింది. మా అత్తగారు పాత దుప్పటి తెచ్చి ఇచ్చి, "తీసకపోమ్మా, పాపని నేను చూసుకుంటా" అన్నారు. దుప్పటిలో మూతి బయట ఉండేలా చుట్టి ఆటోలో పడుకోబెట్టాను. పెద్దమ్మ గోడ మీంచి, "చదువుకున్నోళ్ళకి చెప్పలేంలే" అంది.

ఆటో అబ్బాయి అద్దంలో చూస్తూ, "ఏమైందక్కా?" అన్నాడు.

"ఒంట్లో నీళ్ళు లేవు. గ్లూకోజు ఎక్కించాలేమో."

"కుక్కకి గ్లూకోజా! మా మామకి ఎక్కించమంటేనే మా అక్క టెంకాయ నీళ్ళతో సరిపెట్టింది." అని నవ్వాడు గాని, గుంతల దగ్గర మాత్రం చాలా నెమ్మదిగా పోనిచ్చాడు. దారంతా రెండు వైపులా గుంటలే. ఎండలో ఒక్కో గుంట ఒక్కో అద్దంలా వెలిగి వెనక్కి వెళ్ళిపోతోంది. ఆ నీళ్ళన్నీ చూస్తూ నాకే దాహం వేసింది.

డాక్టరమ్మ గ్లౌజులు వేసుకుని కుక్క పైపెదవి కాస్త ఎత్తింది. "చూడు, చిగురు తడిగా జారుతుండాలి. ఇది జిగురు పట్టి అంటుకుంటోంది." వేలితో నొక్కి వదిలింది. నొక్కినచోట తెల్లబడింది, ఎంతకీ ఎర్రబడలేదు. "రెండు సెకన్లలో రంగు రావాల." ముందుకాలి మీద కొంచెం బొచ్చు గొరిగి సూది పెట్టి సెలైన్ సీసా తగిలించింది. చుక్క తర్వాత చుక్క. నేను వాటిని చూస్తూ కూర్చున్నాను.

"ఏ నీళ్ళు పెడతారు దీనికి?"

చెప్పాను.

"మీ వైపు నుంచి వచ్చేవాళ్ళందరూ ఇదే చెప్తారు, తొట్టి నిండా ఉండాయని. ఎండాకాలం బోరులో ఉప్పు పెరుగుద్ది. అవి తాగితే ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా పోతాయి. పాపం దానికి తెలిసింది, తాగలా." సీసా వైపు చూసి మళ్ళీ అంది, "కిటికీ కింద నీళ్ళు నాకింది కాబట్టి పిచ్చి లేనట్టేనని అనుకోబాక. టీకా ఉంది, నెమ్మదిగా ఉంది, నాకు భయం లేదు. అయినా పది రోజులు కనిపెట్టుకో, పిల్లని దగ్గరికి పోనీయబాక."

చివర్లో సీసాలో మిగిలిన సెలైన్ చర్మం కిందికి ఎక్కించింది. కుక్క భుజం మీద మెత్తటి మూపురం లేచింది. అది మెల్లగా ఒంట్లోకి ఇంకిపోతుందని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా ఒడి పక్కన చిన్న ఎద్దు పడుకున్నట్టుంది. గేటు దగ్గర దిగేసరికి తోక చివరి తెలుపు ఒక్కసారి కదిలింది.

పది రోజులూ కనిపెట్టాను. పాప కిటికీ ఊచల మధ్య నుంచి "బౌ" అని పిలిచేది. అది దూరం నుంచి పలికేది. పదకొండో రోజు తలుపు తీశాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ శుక్రవారం సాయంత్రం మేం ఆటో దిగేసరికే తొట్టి బోర్లించి ఉంది. మా అత్తగారు పాప చిన్నప్పటి స్టీలు గిన్నె ఒకటి తోమి, క్యాన్ లోంచి నింపి, అరుగు మీద నీడలో పెట్టి ఉన్నారు. కుక్కతో అన్నారు, "మంచినీళ్ళమ్మా, తాగు." మరో ముంత నీళ్ళు మల్లెపొదకి పోశారు.

ఇప్పుడు పాప నిద్రపోయింది. పొట్ట మీద చర్మం చూశాను, సర్దుకుంది. ఇది రాయడానికి కూర్చునే ముందు అరుగు మీదికి వెళ్ళి గిన్నె కూడా చూశాను. పడుకునే ముందు అత్తగారు అంచుదాకా నింపి వెళ్ళారు. రెండు వేళ్ళు తగ్గింది.