శెట్టి ఇచ్చిన పాదం, జహరాబీ బొంత

తెల్లారి నమాజు అయినాక జహరాబీ ముందు పోయేది పొయ్యి దగ్గరికి కాదు, కుట్టుమిషన్ దగ్గరికి. మెత్తటి గుడ్డతో దాని నల్లటి ఒళ్ళంతా తుడిచి, ఒక్క చుక్క నూనె వేసి, చక్రాన్ని చేత్తో మూడుసార్లు తిప్పి, "బిస్మిల్లా" అనుకుంటుంది. ఆ తర్వాతే టీ. మొదటి గ్లాసు పక్కింటి ముసలాయన కోసం పిట్టగోడ మీద పెడుతుంది. రెండోది పలకల ఫ్యాక్టరీకి పోయే భర్త వలి బాషాకు.

ఆ బుధవారం మాత్రం తుడుస్తూ తిడుతూ ఉంది.

"మిషన్‌ను తిడుతున్నావా, నన్నా?" అన్నాడు వలి బాషా.

"నిన్నయితే నీకు వినపడేట్టు తిడతా. ఆ శెట్టిని!"

కోపానికి మూలం ఒక సంచి. పుల్లలచెరువు నుంచి శ్రీశైలమ్మ తెచ్చింది. అందులో ఈ మధ్యే కాలం చేసిన వాళ్ళమ్మవి మూడు చీరలు. "మా పెద్దపిల్ల సింధుకు కూతురు పుట్టింది అక్కా. శుక్రవారం తొట్లెలో వేస్తాం. మా అమ్మ మునిమనవరాలిని చూడకనే పాయె. ఈ చీరలతో ఒక బొంత కుట్టియ్యి, దాని మీదన్నా పండుకోనీ బిడ్డను" అంది. జహరాబీ ఆ చీరలను కళ్ళకు అద్దుకుని తీసుకుంది.

మూడు చీరలూ మడతలు వేసి, పైన బలపంతో తీగలు గీసింది. మార్కాపురంలో బలపాలకేం కరువు! ఆ తీగ వెంబడి కుట్టు పోవాలంటే గుడ్డను చేత్తోనే అన్ని పక్కలకూ తిప్పుకోవాలి. జాకెట్ల మీద పూలు కుట్టేటప్పుడు ఇక్కడి ఆడవాళ్ళంతా సూది కింద గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదం ఊడదీసి, గుడ్డను చట్రంలో బిగించి కుడతారు. జహరాబీకీ ముప్పై ఏళ్ళుగా అదే అలవాటు. కానీ బొంత మందానికి చట్రం పట్టదు. పాదం లేకుంటే సూదితో పాటే గుడ్డా పైకి లేస్తుంది, కుట్టు తప్పుతుంది. సూది లేచినప్పుడు తానూ లేచి, దిగినప్పుడు గుడ్డను ఒత్తిపట్టే స్ప్రింగు పాదం ఒకటి ఉంటుందని ఎవరో చెప్పంగా విన్నది. సోమవారం గోపాలకృష్ణ శెట్టి మిషన్ సామాన్ల దుకాణానికి పోయింది.

"సూదితో పాటు ఎగిరే పాదం కావాల శెట్టీ. ముందుపక్క తెరిచి ఉండాల, గీత కనపడాల గదా."

"దేనికి బూబమ్మా?"

"బొంతకు."

శెట్టి పక్కనున్నాయన వైపు చూసి నవ్వినాడు. "బొంతకు పాదం ఎంచుకునేదేంది! గోనెసంచి సూదితో నాలుగు పోట్లు పొడిస్తే సరిపాయె."

చేతికందిన డబ్బాలోంచి ఒకటి తీసి ఇచ్చినాడు. ఏ మిషన్‌కని అడగలేదు. ఆ నవ్వుకు ముఖం చిన్నబోయిన జహరాబీ చెప్పనూ లేదు.

ఇంటికొచ్చి బిగించి మీట దించితే పాదం కింది రేకుకు అతుక్కుపోయింది. గుడ్డ జరగదు. గట్టిగా లాగింది. సూది వంగి, పాదానికి తగిలి, ఫట్‌మని విరిగి, పైనున్న నీలం చీరలో మిరపగింజంత చిల్లు పెట్టింది. చచ్చిపోయినామె చీర. మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

మంగళవారం తిరిగి పోతే శెట్టి పాదం వైపు చూడనైనా చూడలేదు. "కుట్టడం రాకుంటే పాదమేం చేస్తది? నీకు నేర్పినోళ్ళు సరిగ్గా నేర్పలే."

నేర్పింది మగ్దలీనమ్మ. గుడిసెలో, ఒకే మిషన్ మీద, పైసా తీసుకోకుండా నేర్పింది. రంజాన్ నెలలో ఈ పిల్ల ఉపవాసముంటుందని తానూ ఎదురుగా నీళ్ళు తాగేది కాదు. ఆమెను అన్నాడే అని మండిపోతూ జహరాబీ ఆ రోజు పాదం సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసింది.

బుధవారం తిట్టీ తిట్టీ, డ్రాయర్‌లోంచి పాత పాదం తీసి కొత్తదాని పక్కన పెట్టింది. కొత్తదాని మెడ దీనికి రెండింతలుంది! మీట దించి, కింది రేకు నుంచి పాదం బిగించే మర దాకా ఎంతుందో ఒక పలకముక్క నిలబెట్టి మేకుతో గీత గీసింది. బొటనవేలి గోరంత. ఇంకేముంది, చెప్పులేసుకుంది.

దుకాణంలో నలుగురు ఉండంగానే పలకముక్కను గల్లాపెట్టె మీద ఠపీమని పెట్టింది. "ఇది నా మిషన్ కొలత. ఇది నువ్విచ్చిన పాదం. పెట్టి చూడు!"

శెట్టి పెట్టి చూసినాడు. "ఇది ఫ్యాక్టరీ మిషన్లది గదా బూబమ్మా. నువ్వు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదే! నవ్వేదానికి టైము ఉండె, అడిగేదానికి లేకపాయెనా? నేను తప్పు చేస్తే నన్ను అను. మా మగ్దలీనమ్మను అనేదానికి నువ్వెవరు? అట్ల నేర్పే మనిషిని ఈ బజార్లో ఇంకొకరిని చూపియ్యి, చూద్దాం!"

శెట్టి స్టూలెక్కి పై అరలోని డబ్బాలు దించినాడు. ఒక్కొక్క పాదం పలకముక్క మీద పెట్టి చూసి, ఆరోదానికి ఆగినాడు. ముందు తెరిచిందే. చొక్కా అంచుతో దుమ్ము తుడిచి ఇస్తూ, "కూచో తల్లీ, మంచినీళ్ళు తాగు" అన్నాడు. ఆమె కూచోలేదు. నీళ్ళు మాత్రం తాగింది. ఇచ్చిన నీళ్ళను కాదనకూడదని వాళ్ళ నాయన చెప్పేవాడు.

ఆ పాదం కింద గుడ్డ చెప్పినట్టు తిరిగింది. గురువారం సాయంత్రం అస్రు నమాజు వేళకు తీగలన్నీ అయిపోయినాయి. చిల్లు మీద ఒక ఆకు కుట్టింది. శుక్రవారం శ్రీశైలమ్మ వచ్చినప్పుడు దాయకుండా వేలుపెట్టి చూపించింది. "ఇక్కడ నా చేతిలో చినిగింది చెల్లే."

శ్రీశైలమ్మ ఆ ఆకును తడిమింది. "మా అమ్మ చిల్లు లేని చీర ఎప్పుడు కట్టింది అక్కా!" అని నవ్వి, ఏడ్చి, బొంతను చంకలో పెట్టుకుని పోయింది.

శనివారం జహరాబీని మళ్ళీ చూసి శెట్టి లేచి నిలబడినాడు. "మళ్ళీ ఏమాయె?"

"ఏం కాలే. బొంత తొట్లెలోకి పోయింది. కోపం మాత్రం పోలే." గీత గీసిన పలకముక్కా, ఇంకో రెండు ఉత్త ముక్కలూ సంచిలోంచి తీసింది. "నాకొక సాయం చెయ్యి శెట్టీ. వీటిని ఇక్కడే పెట్టుకో. పాదం కోసం ఎవరొచ్చినా, నవ్వేముందు ఒక ముక్క చేతికిచ్చి, ఇంటికి పోయి కొలత గీసుకు రమ్మను. ఎట్ల గీయాలో నువ్వే చెప్పు. నీకు రాకుంటే నన్ను పిలువు, నేనొచ్చి నేర్పుతా."