అందరి రికార్డుల్లో 3127

మార్కాపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆరేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పాను. చెప్పాను అనడం కూడా ఎక్కువే. నోట్సు చదివి రాయించాను. "నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కో నంబరు ఇస్తుంది. అదే ప్రోగ్రామును మళ్లీ నడిపితే కొత్త నంబరు వస్తుంది." నేను చదువుకునే రోజుల్లో మా సారు రాయించిన వాక్యాలే ఇవి. పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి, ఉద్యోగమూ వచ్చింది. వాటి అర్థంతో నాకెప్పుడూ పని పడలేదు.

ల్యాబ్‌లో కంప్యూటర్లకు లోటు లేదు, కరెంటుకే లోటు. కరెంటు ఉన్న రోజున సగం కంప్యూటర్లు లేచేవి కావు. అందుకని పిల్లలు సీనియర్ల రికార్డు తెచ్చుకుని, ప్రోగ్రామునూ దాని కింద వచ్చిన జవాబునూ కలిపి చూసి రాసేసేవాళ్లు. తన నంబరు తానే చూపించే ప్రోగ్రాము ఒకటుంది. ఎప్పుడో ఎవరో నడిపితే 3127 వచ్చింది. అప్పటి నుంచి మా కాలేజీలో అందరికీ 3127. పేజీ కింద ఆ నంబరుంటే సంతకం గీకేవాణ్ణి. గంటలో అరవై రికార్డులు అవగొట్టేవాణ్ణి. అదో గొప్ప నాకు.

ఒక ఏడాది ఒకమ్మాయి రికార్డులో మూడు నంబర్లు కనిపించాయి. మూడూ వేరువేరు. దొనకొండ నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్ల. ఇంటి దగ్గర నాయన గొర్రెలు మేపుతాడు. ఆ ఏడు క్యాంపస్ ఇంటర్వ్యూలో ఉద్యోగం కొట్టాలని పట్టుదలగా ఉంది. ఒక్క సబ్జెక్టు తప్పినా ఇంటర్వ్యూకు రానివ్వరు. నేను ఎర్ర ఇంకుతో ఆ పేజీని అడ్డంగా కొట్టేశాను.

"ఏందమ్మా ఇది? అందరికీ ఒకటే వస్తే నీ ఒక్కదానికే ఇట్లెట్ల వస్తాది?"

"మూడుసార్లు రన్ చేసి చూసినాను సార్. మీరు క్లాసులో చెప్పినట్లే ప్రతిసారీ కొత్త నంబరొచ్చింది."

పిల్లలు నవ్వారు. ఆమెను చూసి నవ్వారో నన్ను చూసి నవ్వారో గానీ నాకు ఒళ్లు మండింది. "క్లాసు క్లాసే, రికార్డు రికార్డే. మళ్లీ రాసుకొని రా" అన్నాను. ఆ పిల్ల వెళ్లి, మర్నాడు ఆ పేజీ మీద తెల్ల కాగితం అతికించి 3127 వేసుకొచ్చింది. సంతకం పెట్టాను.

ప్రాక్టికల్స్‌కు బయటి కాలేజీ నుంచి ఒక ఎగ్జామినరు వచ్చాడు. బల్ల మీది దొంతరలో ఆ అతికించిన కాగితమే ఆయన కంటపడింది.

"ఏమ్మా, ఈ ప్రోగ్రాం నువ్వే రన్ చేశావా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"లేదు సార్. చూసి రాసినాను."

"నంబరు ప్రతిసారీ మారుతుందని తెలియదా?"

"తెలుసు సార్."

"తెలిసీ రాశావా?"

ఆమె మళ్లీ నా వైపు చూసింది. నేనే రాయించానని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఉద్యోగం పోతుందన్న భయమని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఒక పిల్ల ముందు చిన్నబోవడం ఇష్టం లేక ఊరుకున్నాను, అంతే.

ఆయన అక్కడికక్కడే ఆమెను ఫెయిల్ చేశాడు. మిగతా రికార్డులు తెరిచేలోపు ప్రిన్సిపాల్ వచ్చి భోజనానికి పిలుచుకుపోయాడు. తిరిగొచ్చి ఇంకేమీ తెరవలేదు. యాభై తొమ్మిది మంది పాసయ్యారు. ఇంటర్వ్యూల రోజున ఆ పిల్ల కాలేజీకి రాలేదు.

సప్లిమెంటరీకి ముందు కొత్త రికార్డు కొనుక్కుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ ప్రోగ్రాము వరకూ రాసి, కింద ఖాళీ వదిలింది.

"ఈసారి ఏ నంబరు రాయమంటారు సార్?"

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది.