మాఫీ కాగితం మీద నా సంతకం

నా ఎడమ చెంప మీద సన్నటి గీత ఉంది. బీడీల చాట అంచు తగిలి చీరుకుపోయిన చోటు. ఎవరైనా అడిగితే మెట్ల మీద జారిపడ్డానని అబద్ధం చెప్పను. తినాల్సిన దెబ్బే తిన్నానంటాను.

నేను బోధన్‌లో అరబ్బీ కాగితాలు తర్జుమా చేస్తాను. మా అబ్బా దగ్గర నేర్చుకున్న అరబ్బీ అది. మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్ బాట పట్టినవాళ్లే కాబట్టి పనికి కొదువ లేదు. పెళ్లి నిఖానామాలు, చావు కాగితాలు, జైల్లో పడ్డవాళ్ల కాగితాలు. చేతికొచ్చింది తర్జుమా చేసి, కింద సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇస్తాను.

ఆమె మా గల్లీలో అద్దెకు దిగిన బీడీల మనిషి. నాకంటే చిన్నది, నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. రుద్రూర్ దిక్కు పల్లె నుంచి పారిపోయి వచ్చింది. గల్ఫ్ ఏజెంటొకడు పాస్‌పోర్టులు గుంజుకొని మనుషుల్ని అమ్ముకుంటున్నాడని ఆమె మొగుడు పోలీసులకు చెప్పాడు. అందుకు పట్టపగలు చెరకు తోటలో, చెరకు కొట్టే కత్తితోనే అతని కుడి చెయ్యి తెగ్గొట్టారు. అది చాలదన్నట్టు మెడ మీద ఇంకో వేటు వేశారు. ఆమె సద్ది పట్టుకొని పోయేసరికి నరికినవాళ్లు ఉరుకుతున్నారు, కాలువ నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. తెగిన చేతిని తానే వెతికి, కొంగులో చుట్టుకొని వచ్చింది. ఈ ముక్క చెబుతున్నప్పుడు ఆమె బీడీలు చుట్టడం ఆపలేదు. నేనే బయటికి పోయి కక్కుకున్నాను.

నరికినవాళ్లు దొరికారు. చేయించిన ఏజెంటు గల్ఫ్‌లో దాక్కున్నాడు. వాడి ఆస్తంతా నేరం మీద సంపాదించిందేనని కోర్టు తేల్చి జప్తు చేయమంది. నిజామాబాద్‌లోని మేడకు ఒక పొద్దున్నే తాళం పడింది. సముద్రం అవతల వాడికో నాలుగంతస్తుల బిల్డింగు ఉంది. మన కోర్టు తాళం అక్కడిదాకా అందదు కదా! మన హుకుంను ఆ దేశం కోర్టే అమలు చేయాలి. చేయమని ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి ఆ దేశానికి విన్నపం పోవాలి, అదీ అరబ్బీలో. ఆ పని నా బల్ల మీదికి వచ్చింది.

ఆ బిల్డింగు కిరాయితోనే ఏజెంటు తమ్ముడు ఇక్కడ నలుగురు గూండాలను మేపుతున్నాడు. హత్య కేసు ఇంకా నడుస్తోంది, మిగిలిన సాక్షి ఆమె ఒక్కతే. వాళ్లు రోజు తప్పించి రోజు బండ్లేసుకొని మా గల్లీకి వచ్చేవారు. ఒకసారి నల్లా దగ్గర సైకిల్ చైనుతో ఆమె వీపు చిట్లేలా బాదారు. అడ్డం పోతే నా మీదా ఒకటి పడింది.

"ఆపా, గా బిల్డింగు పోతె వీళ్లకు కూలి ముట్టది. కూలి ముట్టకపోతె ఒక్కడు గూడ నా ఇంటి దిక్కు సూడడు. లేకుంటె నన్ను గూడ సంపుతరు. జల్ది రాయి" అంది.

రాశాను. పళ్లు కొరుకుతూ రాశాను. ఆ కత్తి వేటును ఎక్కడా మెత్తన చేయలేదు.

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. ప్రభుత్వ వకీలు ఆఫీసులో గుమాస్తా కవరు నా చేతిలో పెట్టి చదవమన్నాడు. హతుడి భార్య ఏజెంటును క్షమించినట్టు అతని వకీలు పత్రం దాఖలు చేశాడు, దీనికి సంజాయిషీ వచ్చేదాకా జప్తు ఆపుతున్నాం అని ఉంది. వెనక జత చేసిన మాఫీ కాగితం తిప్పి చూశాను. కింద ఉన్నది నా సంతకం.

ఆ కాగితం ఎట్లా పుట్టిందో నాకు తర్వాత తెలిసింది. మా దిక్కు పల్లెల్లో ఊరి కమిటీ మాటే చట్టం. జరిమానా వేసేది అదే, వెలి వేసేది అదే. మొగుడు పోయి నెల తిరక్కముందే కమిటీ ఆమెను రాజీకి పిలిచింది. కాదంటే ఊళ్లో ఎవరూ పలకలేదు, కిరాణా దుకాణంలో ఉప్పు కూడా పుట్టలేదు. చివరికి ఏజెంటు తమ్ముడు అందరి ముందూ ఆమెను జుట్టు పట్టి, నొసలు పగిలేదాకా బల్లకేసి కొట్టి వేలిముద్ర వేయించాడు. ఆ కాగితం కమిటీ పెట్టెలోనే మురిగిపోతుందనుకొని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమె మా గల్లీకి రాకముందే ఆ తమ్ముడు దాన్ని తర్జుమాకు నా దగ్గరికే తెచ్చాడు. గల్ఫ్ జైళ్లలో మనవాళ్ల మెడలు కాపాడేవి మాఫీ కాగితాలే. చచ్చినవాడి ఇంటివాళ్లు క్షమించామని రాసిస్తే ఉరి తప్పుతుంది. అలాంటివి ఎన్నో చేశాను, సవాబు, అంటే పుణ్యం, వస్తుందనుకొని చేశాను. ఇదీ అంతే అనుకున్నాను. వేలిముద్ర వేసిన మనిషి ఏదని అడగలేదు. పేర్లు కూడా గుర్తు పెట్టుకోలేదు. చాయ్ తాగుతూ చేసి ఇచ్చాను. థూ, నా బతుకు!

ఆ సాయంత్రమే పోయి ఆమెకు చెప్పాను. ఒళ్లో ఉన్న చాట ఎత్తి మొహం మీద కొట్టింది. బీడీలూ, ఆకూ, నా నెత్తురూ గచ్చంతా పడ్డాయి.

"నీ సేతులిరగ! నువ్వు గూడ వాళ్లల్ల ఒకదానివేనా?"

"కోర్టుల ఒప్పుకుంట చెల్లె. అడగకుండ చేసిచ్చిన అని రాసిస్త. నా లైసెన్సు పోతె పోనీ."

"నీ లైసెన్సు పోతది. నా మొగడు పోయిండు. రెండు ఒక్కటేనా?"

నేను కింద పడ్డ బీడీలు ఏరి చాటలో వేశాను.

మర్నాడు ఇద్దరం నిజామాబాద్ కోర్టుకు పోయాం. ఆమె జడ్జి ముందు నొసటి మచ్చ చూపించి, ఎవడు కొట్టాడో, ఎట్లా వేలు పట్టి అద్దించాడో చెప్పింది. నేను నా తప్పు రాసిచ్చాను. తిరిగి బోధన్‌లో బస్సు దిగామో లేదో ఆ నలుగురు ఎదురొచ్చారు. మొదటి రాడ్డు దెబ్బకే నా మణికట్టు విరిగింది. రెండోది ఆమె భుజం మీద పడింది. బజారు బజారంతా నిలబడి చూసింది, ఒక్కడు ముందుకు రాలేదు. ఆమె సంచిలోంచి ఆకు కత్తిరించే కత్తెర తీసి, ఎదురున్నవాడి తొడలో దింపింది. లాగి మళ్లీ దింపింది. వాడు కిందపడి అమ్మా అని ఏడుస్తుంటే నాకు సంతోషమే అయింది, దాచుకోను. మిగతావాళ్లు ఉరికారు. పోలీసులు వచ్చి ఆమెను కూడా తీసుకుపోయారు.

మా ఇద్దరి వాంగ్మూలాలు ఆ దేశానికి పోయి రెండో జవాబు వచ్చేసరికి ఆమె ఇంకా జైల్లోనే ఉంది. ఇంకా అతకని చేతికి పట్టీతోనే ములాఖాత్‌కు పోయాను. జాలీకి ఇవతల నిలబడి చదివి చెప్పాను.

"బిల్డింగు సీలు చేసిండ్రు చెల్లె. కిరాయి బంద్."

"నేను మాఫ్ చెయ్యలేదని గా జవాబుల రాసిండ్రా?"

"రాసిండ్రు. మొదటి లైన్లనే ఉన్నది."

ఆమె జాలీకి నొసలు ఆనించి బిగ్గరగా ఏడ్చింది. ఆ ఏడుపు తగ్గేదాకా ఆగి, అన్నాళ్లుగా దాచుకున్న మాట అడిగాను.

"నన్ను మాఫ్ చెయ్యి చెల్లె."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నా చేతి పట్టీని, నా చెంపను చూసింది.

"చెయ్య ఆపా. నిన్ను గూడ చెయ్య" అని లోపలికి వెళ్లిపోయింది.