తిమ్మారెడ్డి సగం పొలం ఎవరికి పోయింది? పులివెందుల దాకా ఒక వెతుకులాట

తాతకు తాత ఎవరో, ఆయన ఏ ఊళ్ళో ఏ చేను దున్నాడో తెలుసుకోవాలని ఈమధ్య చాలామందికి కోరిక పుడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ సర్కారు కచేరికి వెళ్ళాలి అని నన్ను అడుగుతుంటారు. అలాంటి ప్రయాణం నేనూ ఒకటి చేశాను, కాకపోతే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో. వంశం మీద భక్తితో వెళ్ళానని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది. నిజం మాత్రం అది కాదు. నాకు పెళ్ళి కావాలి, అందుకని వెళ్ళాను.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. ముద్దనూరులో బంధువుల పెళ్ళికి వెళ్తే, పంక్తిలో ఒక అమ్మాయి నా ఆకులో అడక్కుండానే మూడో ఓళిగ, అదే బొబ్బట్టు, వేసింది. వద్దనబోయాను. "తినేవాళ్ళ మొగం నాకు తెలుస్తాదిలే" అని నెయ్యి కూడా పోసి ముందుకు పోయింది. దాంతో నా పని అయిపోయింది. ఆమె పేరు రత్నమ్మ, పులివెందుల దగ్గరి పల్లె. పెద్దలు మాట్లాడుకున్నారు, జాతకాలు చూశారు, అన్నీ కుదిరాయి. సరిగ్గా అప్పుడు మా పెదనాయన అడ్డం పడ్డాడు.

మా నాయనకు అన్న ఆయన. ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. మా వంశంలో పేరు తెలిసిన తొలి రైతు తిమ్మారెడ్డి, మా పెదనాయన తాతకు తాత. కొండాపురం దగ్గరి పల్లెలో ఉండేవాడు. ఆయన కొడుకు సిద్ధారెడ్డి నుంచి మేము వచ్చాం. రత్నమ్మ వాళ్ళకు మూలపురుషుడు గురివిరెడ్డి. పెదనాయన అభ్యంతరమంతా ఆ గురివిరెడ్డి గురించే.

"ఆ గురివిరెడ్డి మన తిమ్మారెడ్డి పొలమే దున్నుకునేటోడని మా నాయనను కన్న జేజి చెప్పేది. కరువులో దాన్ని అమ్ముకోని పులివెందుల పక్కకు పోయినాడంట. తండ్రి పొలం కొడుక్కి గాక ఎవురికొస్తాదిరా? అంటే మన సిద్ధారెడ్డికి వాడు తమ్ముడే. ఆ పిల్ల నీకు చెల్లెలైతాది" అన్నాడు.

ఇంటిపేర్లు వేరు కదా అన్నాను. ఊరు మారినప్పుడు ఇంటిపేరు మారడం మన పక్క కొత్తా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. జమ్మలమడుగు తాలూకా కచేరిలో పాత భూమి లెక్కలు చూద్దాం, అన్నదమ్ములు కాదని తేలితే ఆయనే ముందుండి పెళ్ళి చేస్తాడు, అవునని తేలితే నేను ఇక నోరెత్తకూడదు. నేను ఒక్కణ్ణే వెళ్ళి నాకు అనుకూలమైన మాట పట్టుకొస్తానేమోనని ఆయన కూడా బయలుదేరాడు.

ప్రొద్దుటూరులో తెల్లవారగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని తొలి బస్సు ఎక్కాం. నయా పైసలు వచ్చిన కొత్త. కండక్టరు పైసల్లో అడిగితే పెదనాయన అణాల్లో లెక్క వేసి, మధ్యలో ఎవరో దోచుకుంటున్నారని తేల్చాడు. ఇద్దరికీ కలిపి టికెట్టు రూపాయి దాటలేదు. జమ్మలమడుగుకు గంటకు పైగా పట్టింది. దారికి రెండు పక్కలా నల్లరేగడి, కోతకొచ్చిన జొన్న. మనిషి కనిపించిన చోటల్లా బస్సు ఆగేది. పెదనాయన డ్రైవరు వెనక సీటులో కూర్చుని, పదిమందికీ వినబడేలా మా సంగతంతా విప్పాడు.

డ్రైవరు దస్తగిరి వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "చేను తగాదాకు కచేరికి పోయేటోళ్ళను శానామందిని దింపినా మామా. వరస తేల్చుకోనీకి పోయేటోళ్ళను ఈరోజే సూస్తాండా."

బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి జొన్నకంకులు చూస్తూ కూర్చున్నాను.

కచేరి తెరిచేసరికి మేము గడపలో ఉన్నాం. అర్జీ రాసి, స్టాంపు అంటించి ఇచ్చాం. రికార్డు గుమాస్తా నిదానస్తుడు, మంచివాడు. పాత కట్టలు ఎర్రగుడ్డల్లో మూటలు కట్టి అటకల మీద ఉంటాయని, మా పల్లె మూట దొరకడం మా అదృష్టం మీద ఉందని చెప్పి లోపలికి వెళ్ళాడు. ఆయన మూట కోసం వెతికినంతసేపూ ఎదురుగా ఉన్న సాయిబు హోటల్లో టీలు తాగాం. పెదనాయన వచ్చేపోయే వాళ్ళందరితో పరిచయాలు కలుపుకుని, వాళ్ళలో ఇద్దరు మనకు చుట్టాలేనని తేల్చాడు. చుట్టరికం కలపడంలో అంత చురుకైన మనిషి నా ఒక్కడి విషయంలోనే ఇలా బిగుసుకున్నాడేమని నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం కావస్తుండగా గుమాస్తా పిలిచాడు. తుమ్ముకుంటూ మూట విప్పి, మా పల్లె పుస్తకంలో వేలు పెట్టి చూపించాడు. పట్టాదారు తిమ్మారెడ్డి. ఆ పేరు కొట్టేసి, కింద వేరే సిరాతో రెండు పేర్లు రాశారు. సిద్ధారెడ్డి సగం, గురివిరెడ్డి సగం.

"తండ్రి పేరు ఏమైనా రాసినారా సార్?" అని అడిగాను.

"ఈ పుస్తకంలో రాయల్యాప్పా. పేరు, భాగం, అంతే."

పెదనాయన పుస్తకం మీదికి వంగి, అర్థమైనట్టు తలాడించాడు. "సూస్తివా? సగం సగం. అన్నదమ్ములు గాక ఎవురు పంచుకుంటారు సమానంగా?"

గుమాస్తా కూడా అది న్యాయంగానే ఉందన్నట్టు చూశాడు. అంతవరకు ఆ ఓళిగల సంగతి నాకు తమాషాగానే ఉండేది. ఆ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి చూశాక, ఆ అమ్మాయిని నేను ఎంత కోరుకుంటున్నానో తెలిసింది. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను.

ఇంటికి పోదామనుకున్నాను. పెదనాయన ఒప్పుకోలేదు. "మాట ఇచ్చిన ఇంటికి పోయి, మొగం మీదనే చెప్పాల. కబురంపితే మర్యాద కాదు" అన్నాడు. ఆయన మొండిమనిషే కానీ మర్యాదస్తుడు. జమ్మలమడుగు నుంచి పెన్న దాటి ముద్దనూరు వచ్చి, అక్కడ పులివెందుల బస్సు మారాలి. ఇప్పుడు అటు వెళ్ళేవాళ్ళకు దారి పొడవునా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి, అప్పట్లో రైలు స్టేషను, నాలుగు అంగళ్ళు తప్ప ఏమీ లేవు. బస్సులో చోటు లేక చెనిక్కాయల మూటల మీద, అంటే వేరుశెనగ బస్తాల మీద, కూర్చున్నాం. నేను మాట్లాడకపోవడం చూసి పెదనాయనకు కొంచెం మెత్తబడినట్టుంది, బొరుగుల పొట్లం కొనిచ్చాడు.

"యాడన్నా ఇంకో మంచి పిల్లను సూస్తాలేరా."

"నాకు ఇంకో పిల్ల వద్దు పెదనాయనా."

ఆయనకు నేను వద్దని చెప్పడం అదే మొదటిసారి. బొరుగులన్నీ ఆయనే తిన్నాడు.

పులివెందులలో దిగి, జట్కా మాట్లాడుకుని పల్లెకు చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. రత్నమ్మ నాయన ఎదురొచ్చాడు. "రా..." అని అక్కడే ఆగిపోయాడు. మా పెదనాయనను బావా అనాలా, అన్నా అనాలా ఆయనకు తెలియలేదు. మా పెదనాయన అభ్యంతరం వాళ్ళ చెవిన అప్పటికే పడింది. మన ఇళ్ళల్లో ఏదో ఒక వరుస లేకుండా మనిషిని పిలవడమే చేతకాదు కదా, ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పిలవలేదు. రత్నమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు నిలబడింది. నోరు తెరిచి, మూసుకుని, చెంబు గోడ పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ చెంబు వంకే చూస్తూ కూర్చున్నాను.

రత్నమ్మకు నాయన తల్లి, ఓబులమ్మ అవ్వ, అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తూ ఉంది. పెదనాయన గొంతు సవరించుకుని, కచేరిలో చూసింది చెప్పాడు. మీ గురివిరెడ్డి, మా సిద్ధారెడ్డి అన్నదమ్ములని, పొలం సమానంగా పంచుకున్నారని, కాబట్టి ఈ సంబంధం కుదరదని చెప్పి చేతులు జోడించాడు.

అవ్వ ఒలవడం ఆపలేదు. "అన్నదమ్ములని ఎవురు చెప్పిరప్పా నీకు?"

"సగం సగం రాసుంది గదమ్మా."

"రాసింటాది. తిమ్మారెడ్డికి మొదట కొడుకు ల్యాడు. నాగమ్మని ఒక్క కూతురు. మా గురివిరెడ్డిని ఇల్లటం తెచ్చుకున్నాడు. ఆయమ్మకు పెండ్లయిన శానా ఏండ్లకు మీ సిద్ధారెడ్డి పుట్టినాడు. కొడుకు పుట్టినాడు గదా అని అల్లుణ్ని ఎల్లగొట్టల్యా ఆ మహానుభావుడు. ఇచ్చిన మాట ప్రకారం సగం కొడుక్కి, సగం అల్లునికి రాసినాడు."

మా పక్క ఆచారం తెలియని వాళ్ళ కోసం ఒక మాట. కొడుకులు లేని రైతు కూతురికి పెళ్ళి చేసి, అల్లుణ్ని తన ఇంటికే తెచ్చుకుని సేద్యం అప్పగిస్తాడు. అదే ఇల్లటం. ఆ అల్లుడు తన ఇంటిపేరు తన దగ్గరే ఉంచుకుంటాడు, పొలంలో మాత్రం కొడుకుతో సమానం. తర్వాత కొడుకు పుట్టినా ఆ భాగం పోదు. ఇది మా ఊళ్ళల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇల్లటం పంచాయితీలు ఎన్నో తీర్చిన మా పెదనాయనకు ఇంకా బాగా తెలుసు. తన సొంత ఇంట్లో అది జరిగి ఉంటుందని మాత్రం ఆయనకు తట్టనే లేదు.

అయినా ఆయన అంత తొందరగా తగ్గే మనిషి కాదు. "సంబంధం కుదరాలని ఎవురైనా చెప్తారమ్మా ఇట్ల" అన్నాడు.

అవ్వకు కోపం వచ్చింది. చెనిక్కాయల చేట పక్కకు నెట్టింది. "మీ సంబంధం మొన్న వచ్చింది. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన కాణ్నుంచి సూస్తాండా. పెద్దల అమాసకు పెద్దలందరికీ ఒక్కో గుడ్డ పెడ్తాం. నాగమ్మకు మాత్రం రెండు కోకలు. ఎందుకని మా అత్తను అడిగినా. ఆయమ్మకు పుట్టినిల్లూ అత్తిల్లూ ఒకటే, రెండిండ్ల కోకా మనమే పెట్టాల అనింది. పో, ఊళ్ళో ఎవురినన్నా అడుగు పో."

పెదనాయన మెల్లగా, ఎవరితో చెప్తున్నాడో తెలియకుండా అన్నాడు: "మా అమ్మ గూడా ఆ దినం ఒక రవికె గుడ్డ, పసుపు పక్కన పెట్టేది. ఎవురికమ్మా అంటే ఇంటి ఆడబిడ్డకు అనేది. మా నాయనకు అక్కచెల్లెండ్లే లేకపాయె. ఆడబిడ్డ ఎవురని నేను ఒగసారన్నా అడగల్యా."

ఆయన కళ్ళు తడయ్యాయి. ఆ మొండిమనిషి కళ్ళలో నీళ్ళు చూసి నాకూ ఆగలేదు. అవ్వ లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ వేళ్ళు మడుస్తూ తరాలు లెక్కపెట్టారు. నాగమ్మ కొడుకు, సిద్ధారెడ్డి కొడుకు బావాబామ్మర్దులు. వాళ్ళ పిల్లలదీ అదే వరుస. అలా దిగి వచ్చి వచ్చి వేళ్ళు నా దగ్గర, రత్నమ్మ దగ్గర ఆగాయి.

"ఇచ్చిపుచ్చుకునే ఇండ్లే గదమ్మా మనవి!" అన్నాడు పెదనాయన, అదేదో తనే కనిపెట్టినట్టు. తర్వాత నా వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "రేయ్, ఆడ కూర్చోని సూస్తాండావేంది? లేసి అవ్వకు మొక్కు!"

అప్పుడు ఆ ఇంట్లో అందరికీ ఒక్కసారిగా గొంతులు వచ్చాయి. రత్నమ్మ నాయన బావా అని, అల్లుడా అని, కనబడిన వాళ్ళనల్లా పిలిచాడు. రాత్రి సంగటి, చెనిక్కాయల చట్నీ, నాటుకోడి పులుసు. పెదనాయన తిన్న తీరు చూసి, కొత్త అల్లుడు ఈయనేనేమో అనుకోవాలి ఎవరైనా. పొద్దున జట్కా ఎక్కుతుంటే తలుపు పక్కనుంచి రత్నమ్మ అంది, "చెంబులో నీళ్ళు తాగనే ల్యా గదా బావా." తాగకుండా ఎలా ఉంటాను? దిగి వెళ్ళి చెంబు మొత్తం తాగి వచ్చాను.

తిమ్మారెడ్డి చేను ఇప్పుడు గండికోట జలాశయం నీళ్ళ కింద ఉంది. ఆ పల్లె జనం కొత్త కాలనీలకు మారారు. నేను చూసిన ఆ పాత పుస్తకం ఇంకా ఉందో లేదో తెలియదు. ఉన్నా అందులో నాగమ్మ పేరు ఉండదు. తండ్రి పేరుంది, తమ్ముడి పేరుంది, మొగుడి పేరుంది. పొలం ఆమె వల్లనే రెండయినా, ఆమె కోసం ఒక్క అక్షరం రాయలేదు. ఆమె మా ఇంటిదని గుర్తుపెట్టుకున్నది కోకలు పెట్టిన ఆడవాళ్ళు. ఎందుకు పెడుతున్నారో మరిచిపోయిన మా ఇంట్లో కూడా పెట్టడం మానలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమూ వేస్తుంది, సిగ్గూ వేస్తుంది.

అందుకని ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే చిట్కా ఒక్కటే. పొద్దున్నే బయలుదేరి కచేరిలో చూడాల్సినవి మధ్యాహ్నంలోపు చూసుకోండి. కానీ అక్కడ కొడుకుల పేర్లు దొరికాయని సంబరపడో, దిగులుపడో ఇంటికి తిరిగి రాకండి. సాయంత్రం ఆ ఊళ్ళో వయసైన ఆడమనిషి దగ్గర కూర్చుని, ఆయనకు కూతుళ్ళెందరు, వాళ్ళనెక్కడికి ఇచ్చారు అని అడగండి. ఆ రోజు నేను జమ్మలమడుగు నుంచే వెనక్కి తిరిగి ఉంటే, ఇప్పుడు ఇది రాస్తుంటే నా భుజం మీదుగా తొంగిచూసి "మూడు కాదు, నాలుగో ఓళిగ గూడా తిన్నావు, అది రాయవేంది" అంటున్న ఈ మనిషికి నేను అన్ననై ఉండేవాణ్ణి.