పెద్దాయన ఫొటోల వెనుక చంద్రుడు

అది 2004. జూలూరుపాడు సెంటర్లో నేను ఫ్రేముల షాపు పెట్టి అప్పటికి పన్నెండేళ్లు. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు, ఇవే మా బేరం. అందుకే ప్రైవేటు బడి సైన్సు సారు ముత్తయ్య ఆరు అంతరిక్షం ఫొటోలు బల్ల మీద పరిస్తే నవ్వొచ్చింది.

"వీటికి దండ యాడ ఏస్తరు సారూ?" అన్నాను.

ముత్తయ్య అడవి అంచు గూడెం నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి. విదేశాల్లోని అంతరిక్ష కేంద్రానికి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి వాటిని తెప్పించుకున్నాడట. చంద్రుడి మట్టిలో బూటు అచ్చు, నల్లటి ఆకాశంలో సగం భూమి, శూన్యంలో తేలుతున్న మనిషి.

"ఫ్రేములు బడివి, బొమ్మలు నావి. పైలం అన్నా, మల్ల దొర్కవు," అన్నాడు.

మౌంట్, అంటే ఫొటో చుట్టూ వచ్చే అట్ట, నల్లది వేసి బిగించాను. అంత బాగా కుదిరిన పని నా చేతిలో అంతకుముందు లేదు.

మరుసటి ఏడు ఆ ఫ్రేములన్నిటినీ బడి కరస్పాండెంటు తిరిగి తెచ్చాడు. ముత్తయ్యను తీసేసి, ఇంగ్లీషు దంచేవాణ్ని పెట్టుకున్నారు. వార్షికోత్సవానికి బడి కట్టించిన తన తండ్రిగారి ఫొటోలు కావాలట. ట్రాక్టరు మీద తండ్రిగారు, మైకు ముందు తండ్రిగారు, దండలో తండ్రిగారు.

"ఫ్రేములు బానే ఉన్నాయిగా, లోపలివి మార్చెయ్. రేపటికల్లా కావాలి."

"అవి ముత్తయ్య సారువి గదండీ?"

"ఆయన వెళ్లిపోయాడయ్యా. నీకు మా బడి పని కావాలా, వద్దా?"

ఫొటో వంగకుండా వెనుక అంటించే దళసరి అట్టను బ్యాకింగ్ అంటాం. అది ఖమ్మం నుంచి ఇంకా రాలేదు. ముత్తయ్య ఫొటోలు అట్టలాగే మందంగా ఉన్నాయి. వాటి వీపులకు జిగురు రాసి తండ్రిగారిని అంటించేశాను. తెలిసే చేశాను. బొమ్మ వైపు పాడు కాలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నెల తిరక్కుండా ముత్తయ్య వచ్చాడు. "మా గూడెంల సాయంత్రం బడి పెట్టిన. అవి చూపిస్తనని పిల్లలకు మాటిచ్చిన. యాడున్నయ్ అన్నా?"

జరిగింది చెప్పాను.

"అంటే బడి గోడకే ఉన్నయా?"

"అవ్. బొమ్మ గోడదిక్కు ఉంది. ఊడబీకితే పెద్దాయన ఫొటో చిరుగుతది."

"ఆయన ఫొటోలు మల్ల కడిగించొచ్చు గదా. నన్ను గేటు లోపలికి రానిస్తలేరు. నువ్వే అడుగు."

అడుగుతానన్నాను. అడగలేదు. ఆ బడి గ్రూపు ఫొటోలన్నీ నా షాపుకే వస్తాయి, ఆ బేరం పోతుందని నా భయం. ముత్తయ్య మళ్లీ రెండుసార్లు వచ్చాడు. కరస్పాండెంటు ఊళ్లో లేడన్నాను. రెండోసారి ఆ మాట అంటుండగానే ఆయన కారు మా షాపు ముందు నుంచే పోయింది. ముత్తయ్య కారును చూశాడు, నన్ను చూశాడు.

"సరే అన్నా," అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఫ్రేము తెచ్చినవాడల్లా బొమ్మకు సొంతదారు కాడని ఆ పనితో నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరేం తెచ్చినా బొమ్మ ఎవరిదో అడిగి, వెనుక పేరు రాస్తాను. ఆ ఆరింటికీ మాత్రం ఏ పేరూ లేదు. ఏటా వార్షికోత్సవానికి ముందు వాటి అద్దాలు తుడవడానికి నన్నే పిలుస్తారు. దించుతాను, తండ్రిగారి మొహం మెరిసేలా తుడుస్తాను, తిరిగి తగిలిస్తాను. కరస్పాండెంటు పక్కనే నిలబడి ఉంటాడు. ముత్తయ్య బొమ్మల మాట నేను ఏ ఏడూ అడగలేదు.