గిల్లికజ్జాల బాబాయ్, అత్తగారి ఊపిరితిత్తులు

మా స్కానింగ్ సెంటర్లో సీటీ మిషను నడిపే బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఎదుటి మనిషితో గిల్లికజ్జా పెట్టుకుంటే తప్ప ఆ మనిషిని బల్ల మీద పడుకోబెట్టడు.

కరోనా రోజుల్లో ఛాతీ ఫొటో కోసం జనం బారులు తీరారు. దగ్గుతూ, సగం చచ్చి వచ్చినవాళ్ళని కూడా బాబాయ్ వదల్లేదు. తల నుంచి కాలి దాకా ప్లాస్టిక్ తొడుక్కుని మరీ కాలు దువ్వేవాడు.

"ఈ చొక్కాకి గుండీలు ఎవరు కుట్టారండీ? కళ్ళు మూసుకుని కుట్టారా?"

"మా ఆవిడ కుట్టింది."

"అయితే తప్పు మీదే. ఊపిరి పీల్చండి. ఆపండి."

ఇంకొకాయన లెక్కల మాస్టారట. "అందుకేనా ఈ తరానికి ఎక్కాలు రావు" అని, ఆయన నోరు తెరిచేలోగా మిషను లోపలికి తోసేశాడు. లోపల బాబాయ్ పెట్టిన చిచ్చుకి బయట కిటికీ దగ్గర కూర్చున్న నేను తిట్లు తినేవాణ్ణి. నా ఉద్యోగం రిసెప్షను మరి.

ఫిర్యాదులు పడలేక మేనేజరుగారు బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టి, మిషను దగ్గర ఒక మర్యాదస్థుణ్ణి పెట్టారు. అతని నోట్లో వేలు పెట్టినా కొరకడు.

సరిగ్గా అప్పుడే మా అత్తగారికి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఫొటో చూస్తేగానీ ఇంట్లో ఉండాలో ఆస్పత్రిలో చేరాలో చెప్పలేనన్నారు డాక్టరుగారు. ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు తిరిగి రారని ఆవిడ నమ్మకం. మిషను చూడగానే వణుకు మొదలైంది.

"భయపడకండమ్మా, ఏమీ కాదు" అన్నాడు మర్యాదస్థుడు. ఆ మాటతో ఆవిడకి ఉన్న భయం రెట్టింపయింది. ఊపిరి ఆపమంటే ఎగరొప్పారు. ఫొటో చెదిరిపోయింది. మళ్ళీ తీస్తే మళ్ళీ చెదిరింది. గాజు అద్దం ఇవతల నుంచి ఇదంతా చూస్తున్నాను. గత్యంతరం లేక బాబాయ్‌ని పిలిచాను.

"మీరేనా అమ్మా ఈ అబ్బాయి అత్తగారు? మీ కూరల్లో ఉప్పుండదని రోజూ ఏడుస్తుంటాడు" అన్నాడు లోపలికి వెళ్తూనే.

వాటిలో ఉప్పుండదన్నది నిజమే. కానీ ఆ మాట నేను కలలో కూడా పైకి అనలేదు.

అత్తగారు లేచి కూర్చున్నారు. "అల్లుడుగారు అలా అన్నారా?"

"ఇంకా చాలా అన్నాడు. పడుకోండి, చెబుతాను. ఊపిరి పీల్చండి. ఆపండి."

ఆవిడ మూతి బిగించి ఆపారు. ఇంటికెళ్ళి నా మీద వదలడానికి దాచుకున్నట్టు, ఆ ఊపిరి కదల్లేదు. ఫొటో అద్దంలా వచ్చింది.

డాక్టరుగారు తిప్పి తిప్పి చూశారు. అంచుల్లో చిన్న మచ్చలే ఉన్నాయట, ఇంట్లోనే విడిగా ఒక గదిలో ఉండి మందులు వాడితే చాలట. నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా నేరుగా బాబాయ్ మీదికి వెళ్ళాను.

"ఎందుకు బాబాయ్ అంత అబద్ధం?"

"భయపడ్డవాళ్ళకి ఊపిరి ఆగదురా. కోపమొచ్చినవాళ్ళకి ఆగుతుంది. పైగా కోపంలో ఉన్నంతసేపూ జబ్బు గుర్తుండదు. అందుకే అందరిచేతా తిట్లు తింటున్నా."

నేను వెనక్కి తిరిగి చూశాను. తలుపు దగ్గర అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"బాగానే ఉంది. ఇంటికెళ్ళాక ఆవిడకి నేనేం చెప్పుకోవాలి?" అన్నాను.

"ఇంటికే వెళ్తున్నారుగా" అన్నాడు బాబాయ్ చేతులు కడుక్కుంటూ. "తీరిగ్గా తిట్టించుకో."